మా కారు జ్వరానికి చవక వైద్యం

కారు ఇంజన్ వేడెక్కడం ఒక వరం! ఎగతాళికి అనడం లేదు. చల్లగా నడిచే కార్లున్న వాళ్లని చూస్తే నాకు నిజంగానే జాలేస్తుంది. పాపం, ఇంట్లో బయలుదేరి నేరుగా ఆఫీసుకే చేరుకుంటారు! అదీ ఒక ప్రయాణమేనా?

మా కారు అలాంటిది కాదు. వయసు పంతొమ్మిదేళ్లు. ఏడో కిలోమీటరు దగ్గర దానికి జ్వరం మొదలవుతుంది. డాష్‌బోర్డు మీద వేడిని చూపించే ముల్లు మెల్లగా లేస్తుంది. తొమ్మిదో కిలోమీటరుకి ఎర్రగీత తాకుతుంది. పదో కిలోమీటరుకి బానెట్ సందుల్లోంచి ఆవిరి! ఇంత కచ్చితంగా వేళ పాటించే ప్రాణి మా ఇంట్లో మరొకటి లేదు.

అప్పుడేం చేయాలి? పక్కకి ఆపాలి. బానెట్ ఎత్తాలి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కాబట్టి అరగంట చేతులు కట్టుకుని నిలబడాలి. మీరే చెప్పండి, ఈ రోజుల్లో ఏ పనీ లేకుండా అరగంట నిలబడే భాగ్యం ఎవరికి దక్కుతోంది? ధ్యానం నేర్పుతామని ఫీజులు గుంజేవాళ్లు వీధికొకరున్నారు. మా కారు ఉచితంగా నేర్పుతోంది!

ఇక స్నేహాల సంగతి. ఆస్పత్రిలో పడుకున్నా చూడ్డానికి రాని మనుషులు, బానెట్ ఎత్తితే చాలు, పరిగెత్తుకొస్తారు. నాలుగేళ్లుగా నా జుట్టు కత్తిరిస్తున్న సెలూన్ ఆయన నాతో ఏనాడూ రెండు ముక్కలు మాట్లాడి ఎరగడు. ఓ రోజు సరిగ్గా ఆయన షాపు ముందే మా కారు ఆగింది. సగం గడ్డం గీసిన ఆసామిని కుర్చీలో వదిలేసి, కత్తితో సహా బయటికొచ్చి, "వాటర్ పంపు పోయింది సార్, డౌటే లేదు" అన్నాడు. సగం గడ్డం ఆసామి నురగతోనే వెనకాల వచ్చి, "పంపు కాదు పాడూ కాదు, హెడ్ గాస్కెట్ కాలిపోయింది" అన్నాడు. ఇద్దరూ వాదించుకుంటూ ఉండగానే ఇంజన్ చల్లారింది. నేను నీళ్లు పోసుకుని చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాను. ఆ వాదన అక్కడ ఇప్పటికీ నడుస్తూనే ఉండవచ్చు.

ఆరోగ్యానికీ మంచిదే! మా బావమరిది ఒక చిట్కా చెప్పాడు. "హీటర్ ఫుల్లుగా పెట్టేయండి బావగారూ, ఇంజన్‌లో వేడంతా లోపలికి లాగేస్తుంది" అని. నిజంగానే లాగేసింది. మండుటెండలో, మిట్టమధ్యాహ్నం, అద్దాలు దించుకుని, కాళ్లకి వేడిగాలి కొడుతుంటే నేనూ మా ఆవిడా ఊరంతా తిరిగాం. ఇంజన్ చల్లబడింది, మేం ఉడికాం. నెల తిరిగేసరికి నేను రెండు కిలోలు తగ్గాను. బావమరిది మాత్రం ఆ చిట్కా చెప్పిన రోజునుంచీ మా కారెక్కడం మానేశాడు.

ఇంతటి వరాన్ని ఎవరైనా చేజేతులా బాగు చేయించుకుంటారా? నేనూ చేయించేవాణ్ణి కాదు. కానీ మా ఆవిడకి ఇంటర్వ్యూ వచ్చి పడింది.

మా ఆవిడ ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్. రక్తాలూ అవీ పరీక్షించి రిపోర్టులు రాస్తుంది. పదహారేళ్ల సర్వీసు. ఊరికి అవతలి కొసన వాళ్ల పెద్ద బ్రాంచి ఉంది. అక్కడ ల్యాబు ఇంచార్జి పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టు కోసం ఆవిడ ఆరేళ్లుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. ఇంటర్వ్యూ గురువారం పొద్దున పదింటికి. దూరం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. మా కారు లెక్కలో మూడు పెద్ద జ్వరాలు, ఒక చిన్న నలత!

"ఆలస్యమైతే లోపలికే రానివ్వరటండీ. బస్సులైతే మూడు మారాలి. టాక్సీ మాట్లాడుకుందామా?" అంది.

"సొంత కారు ఇంటిముందు పెట్టుకుని టాక్సీయా? నలుగురూ నవ్వుతారు. ఇంకా పదిహేను రోజులుంది. నాకొదిలెయ్!" అన్నాను.

ఆవిడ నమ్మింది. నమ్మి, ఇంటర్వ్యూ కోసం పుస్తకాలు ముందేసుకుని చదవడం మొదలుపెట్టింది. నేను కారు మీద పడ్డాను.

మా ఇంట్లో ఆ నెల బడ్జెట్ అంతంత మాత్రం. నా కాలమ్‌కి పత్రికవాళ్లిచ్చే పారితోషికంతో కారుకి అద్దం తుడిచే బ్లేడు కూడా రాదు. అందుకని ఒక శాస్త్రీయ పద్ధతి కనిపెట్టాను. ధరల వరుసలో రోగ నిర్ణయం! మామూలు మెకానిక్కులు ముందు రోగమేమిటో చూస్తారు, తరవాత గుండె ఆగిపోయే ధర చెప్తారు. ఎంత క్రూరత్వం! నేను ముందు ధర చూస్తాను. నా వల్ల అవుతుందనుకుంటే అదే రోగమని తీర్మానిస్తాను. ఒక తెల్లకాగితం మీద ఇంజన్ వేడెక్కడానికి ఉన్న కారణాలన్నీ రాసి, చవకవి పైనా ఖరీదైనవి కిందా పెట్టి, ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఆవిడ మంచినీళ్ల సీసా తీసుకుంటూ చదివి, వెళ్లి మళ్లీ పుస్తకం ముందు కూర్చుంది.

అన్నిటికంటే పైన ఉన్నది నీళ్లు. ఉచితం కాబట్టి పోశాను. మర్నాటికి తగ్గాయి. మళ్లీ పోశాను. మళ్లీ తగ్గాయి. అవి ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్నకి ధర లేదు కాబట్టి లిస్టులోకి ఎక్కలేదు.

తరవాత రేడియేటర్ మూత. రెండు కప్పుల కాఫీ మానేస్తే కొత్తది వచ్చేసింది. బిగించి, గర్వంగా వీధి చివరిదాకా నడిపి వచ్చాను. వీధి చివరిదాకా ఏ కారైనా చల్లగానే ఉంటుందని మా ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది.

ఇంతలో పక్కింటి పెద్దాయన రంగంలోకి దిగాడు. నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. "థర్మోస్టాట్ అంటే ఏమిటనుకున్నావ్? ఇంజన్‌లో కూర్చున్న గుమాస్తా! వేడెక్కితే తప్ప నీళ్లని కదలనివ్వడు. పీకి అవతల పారెయ్" అన్నాడు. పీకడానికి ఖర్చు లేదు. పీకేశాం. దాంతో ఏడో కిలోమీటరుకి రావాల్సిన జ్వరం తొమ్మిదో కిలోమీటరుకి వచ్చింది. పెద్దాయన దాన్ని ఘనవిజయంగా వీధంతా ప్రకటించాడు.

ఆ ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రందాకా రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కున్న పురుగుల్ని టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటే ఏరి తీశాను. పాత బ్రష్షే అనుకున్నాను. కాదట! మా ఆవిడ రోజూ వాడేదట! ఆ రాత్రే షాపుకి పరిగెత్తి కొత్తది తెచ్చాను. ఇంజన్ మాత్రం సోమవారం యథావిధిగా పొగలు కక్కింది.

మంగళవారం సాయంత్రం మా ఆవిడ డ్యూటీనుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా "తాళం ఇలా ఇవ్వండి" అంది.

"ఎందుకూ? ఇంకా ఫ్యాన్ మోటారు సంగతి చూడాలి. రేపు..."

"రేపేంటండీ, ఎల్లుండే ఇంటర్వ్యూ! నీళ్లు రోజూ తగ్గుతున్నాయి కదా? తగ్గుతున్నాయంటే ఎక్కడినుంచో పోతున్నట్టే కదా? అది చూడకుండా మూతలు కొంటారేంటి?"

ఆవిడ ఇంట్లోంచి టిష్యూ పేపర్లు తెచ్చింది. నీళ్లు పారే పైపులు ఎక్కడెక్కడ అతుక్కుంటాయో చూసి, ఒక్కో అతుకుకీ ఒక్కో ముక్క చుట్టి, ఫ్యాన్‌కి తగలకుండా దారంతో కట్టింది. ఒక్కోదాని మీదా స్కెచ్ పెన్నుతో నంబరు వేసింది. ఒకటినుంచి ఆరుదాకా, అచ్చం ల్యాబులో శాంపిళ్లకి వేసినట్టే! ఇంజన్ స్టార్ట్ చేసి, కుర్చీ తెచ్చుకుని, ముల్లు పైకి వెళ్లేదాకా పుస్తకం చదువుకుంది. తరవాత ఆపి, చల్లారనిచ్చి, టార్చి వేసింది.

అయిదు ముక్కలు పొడిగా ఉన్నాయి. నాలుగో నంబరు తడిసి ముద్దయింది.

రేడియేటర్ కింది రబ్బరు పైపు. క్లిప్పు బిగించిన చోట సన్నని పగులు. చల్లగా ఉన్నప్పుడు కనపడదు. ఇంజన్ వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగితే విచ్చుకుని నీళ్లు వదులుతుంది. పదిహేను రోజుల నా శాస్త్రీయ పరిశోధనని ఆవిడ ముప్పావుగంటలో, రాత్రి భోజనానికి ముందే ముగించేసింది.

బుధవారం ఇద్దరం మెకానిక్ షెడ్డుకి వెళ్లాం. పైపు మార్చి, మేం పీకేసిన థర్మోస్టాట్ గుమాస్తాగారిని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త కూలెంట్ పోసేశాడు. మొత్తం అరగంట. బిల్లు చూస్తే నేను వద్దన్న టాక్సీ ఖర్చుకంటే తక్కువ. అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! చేతులు తుడుచుకుంటూ మా ఆవిడతో అన్నాడు కదా, "పదిహేను రోజుల కిందటే సార్‌కి ఫోన్లో చెప్పానమ్మా. మీరు చెప్పేదాన్ని బట్టి కింది పైపే అయ్యుంటుంది, తీసుకురండి, అరగంట పని అని. సార్ మీకు చెప్పలేదా?"

సార్ ఆకాశంలోకి చూశారు. అక్కడ చూడదగ్గవేవీ లేవు.

ఇంటికి వచ్చేదాకా ముల్లు మధ్య గీత దాటలేదు. ఒక్కసారి లేస్తే మాట మార్చవచ్చునని నేను దానివంకే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ లోపలికి వెళ్లి నేరుగా ఫ్రిజ్ ముందు నిలబడింది.

"ఇది ధరల వరుసలో రాశానన్నారు కదండీ?"

"అవును."

"మూత పైనుంచి రెండోది. పైపు ధర దానికంటే కొంచెమే ఎక్కువ. మరి మూడో నంబరు కావాలి కదా. రేడియేటర్ కంటే కింద, అన్నిటికంటే అడుగున ఎందుకుంది?"

"పొరపాటున..." అన్నాను.

"పొరపాటైతే సరే" అని కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, నా చొక్కా జేబులో పెట్టింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఇంజన్ వేడెక్కడం నాకెందుకు వరమో ఇప్పుడైనా అర్థమైందా? ఆవిడ నా కాలమ్ చదవదు కాబట్టి మీతో నిజం చెప్పేస్తున్నాను. కారు దారిలో ఆగిపోతే ఇంటర్వ్యూ పోయేది. తప్పు ఇంజన్‌ది! నేనేమైనా వెళ్లొద్దన్నానా? ఛ, అలాంటి మొగుణ్ణి కాను. నేను ప్రోత్సహించే రకం. గట్టిగా ప్రోత్సహిస్తూ, పైపుని లిస్టు అడుగున రాసే రకం! మనవాళ్లు చాలామందే ఉన్నారు లెండి. ఒకాయన సరిగ్గా ఆవిడ పరీక్ష రోజునే స్కూటర్‌లో పెట్రోల్ పోయించడం మర్చిపోతాడు. ఇంకొకాయనకి ఆవిడ ట్రైనింగ్‌కి బయలుదేరుతుంటే నడుం పట్టేస్తుంది. కావాలని కాదండోయ్! పొరపాటున.

ఆవిడ జీతం నా సంపాదనని దాటి చాలా ఏళ్లయింది. అది అలవాటైపోయింది. కానీ ఇంచార్జి అంటే గది, గది తలుపుకి పేరు! నా పేరు పేపర్లో వ్యాసం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో వస్తుంది. నాకు భయం వేసింది. ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

గురువారం ఎనిమిదింటికే ఆవిడ తయారైంది. "నేనూ రానా?" అన్నాను. "వద్దులెండి, ఒక్కదాన్నే వెళ్తాను" అంది. తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. "చేరానండీ. ముల్లు అసలు కదల్లేదు!" అంటే, "హమ్మయ్య!" అన్నాను. పైకి అన్నదైతే హమ్మయ్యే. లోపల ఎక్కడో ఉసూరుమంది. అది నాకే వినిపించి సిగ్గేసింది.

పోస్టు ఆవిడకే వచ్చింది.

మొన్న సెలవు రోజున కొత్త ల్యాబువాళ్లు నలుగురు "మేడమ్, మేడమ్" అంటూ ఇంటికొచ్చారు. కబుర్ల మధ్య ఆవిడ నన్ను పిలిచి, "మావారు. ఈయన కూడా ఏదో రాస్తుంటారు" అని పరిచయం చేసింది. ఒట్టు, ఆవిడ గొంతులో వెటకారమేమీ లేదు. పదహారేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "మా ఆవిడ. ఈవిడ కూడా ఏదో ఉద్యోగం చేస్తుంది" అని నేను చెప్పిన మాటే, అంతే మామూలుగా నాకు చెప్పింది. అన్నేళ్లూ ఆవిడ ఆ మాట విని ఒక నవ్వు నవ్వి లోపలికి వెళ్లేది.

నేనూ నవ్వాను. "కాఫీలో చక్కెర ఎవరెవరికి వద్దు?" అని అడిగి వంటింట్లోకి వెళ్లాను.