అనుమతి అక్కర్లేని బాట

ఆ శుక్రవారం ఉదయం హిల్డా క్లెగ్ కోడిగుడ్డు శాండ్‌విచ్‌లను కాగితంలో చుడుతుంటే, చుట్టిన ప్రతి కాగితమూ చిరుగుతోంది. ఆమెకు కోపం రావడం కొత్తేమీ కాదు. థార్న్‌వెల్ బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు గరిటె పట్టిన మనిషి. ఆమె ఒక్క కేక వేస్తే పక్క వీధి పిల్లలు కూడా ఉడికించిన క్యాబేజీ కిక్కురుమనకుండా మింగేవారని ఊళ్ళో చెప్పుకుంటారు. కానీ ఇవాళ్టి కోపం పాతది, బాగా ఊరినది.

థార్న్‌వెల్ నుంచి హాల్‌బరీకి పొలాల మీదుగా ఆరు మైళ్ళ కాలిబాట ఉంది. అందులో చివరి అరమైలు పైక్ ఫారం అనే పశువుల మేత పొలంలోంచి పోతుంది. ఆ ముక్క ఒక్కటే ఏ ప్రభుత్వ పటంలోనూ లేదు. అక్కడి చట్టం ప్రకారం జనం ఇరవై ఏళ్ళు విడవకుండా నడిస్తే అది జనం బాటే అయిపోతుంది, ఇక యజమాని నెత్తీనోరూ కొట్టుకున్నా మూయలేడు. అయితే ఆ నడకకు మూడు షరతులున్నాయి. బలవంతంగా నడవకూడదు, దొంగచాటుగా నడవకూడదు, ఎవరి అనుమతితోనూ నడవకూడదు. హిల్డా ఆ పొలంలో మొదటి అడుగు వేసి ఇవాళ్టికి సరిగ్గా ఇరవై ఏళ్ళు నిండుతాయి. ఆమెతోపాటు నడిచిన పదకొండు మంది రాసిచ్చిన సాక్ష్యాలు గోధుమరంగు కవర్లో ఉన్నాయి. కౌన్సిల్ వాళ్ళు బాటల పటాన్ని తిరగరాస్తున్నారు. దానికి గడువు ఇవాళ సాయంత్రం నాలుగు గంటలు. ఆలోగా కవరు హాల్‌బరీ చేరకపోతే ఆ అరమైలు పోయినట్టే, అది పోతే మిగతా అయిదున్నర మైళ్ళూ ఎటూ పోని బాట.

"ఎందుకొచ్చిన అవస్థ, పక్కింటాయన కారులో దింపుతానన్నాడుగా?" అన్నాడు ఆమె భర్త సిరిల్, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"ఈ బాట కాగితాలు ఈ బాట మీదే పోతాయి. ఇరవయ్యో ఏడు నిండేది కారులో కూర్చుంటే కాదు. ఇదిగో, నీకు ముందే చెబుతున్నా. ఇవాళ దారిలో ఎవరితోనూ 'ప్లీజ్' అనకు, 'సారీ' అనకు, 'థాంక్యూ' అసలే అనకు. అలా అంటే అనుమతి అడిగి నడిచినట్టవుతుంది."

సిరిల్ ముఖం పాలిపోయింది. ముప్ఫై ఆరేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని ఆ మూడు మాటల మీదే బతుకు వెళ్ళదీసిన మనిషి అతను. తలుపుకు భుజం తగిలినా తలుపుకు సారీ చెబుతాడు.

"గొర్రెలతో కూడానా?" అన్నాడు.

"గొర్రెలతో కూడా!"

అయిదున్నర మైళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా నడిచారు. సిరిల్ ఒక్క గొర్రెకు మాత్రం తల ఊపాడు. రెండుంబావుకు పైక్ ఫారం చేరేసరికి హిల్డాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గేటు బార్లా తెరిచి ఉంది. దాని పక్కన మడతకుర్చీ వేసుకుని జైల్స్ పెంబ్రీ కూర్చున్నాడు. లండన్‌లో ఏదో వ్యాపారం అమ్మేసి మూడేళ్ళ కిందట ఈ పొలం కొన్నాడు. కాళ్ళకు మరక అంటని కొత్త బూట్లు, ముఖం నిండా నవ్వు. గేటుకు మెరిసే బోర్డొకటి వేలాడుతోంది: 'నడిచేవారికి స్వాగతం. యజమాని అనుమతితో.'

"రండి రండి, మిసెస్ క్లెగ్! మీకోసమే చూస్తున్నా. నా పూర్తి అనుమతితో హాయిగా నడవండి."

"నిన్నెవరడిగారయ్యా అనుమతి?"

"అడక్కపోయినా ఇస్తున్నానండీ. మనస్ఫూర్తిగా."

"నీ మనస్ఫూర్తి నీ జేబులో పెట్టుకో! ఈ మూడేళ్ళలో ఒక్కరోజు పలకరించిన పాపాన పోలేదు, ఇవాళ తోరణాలు కట్టి పిలుస్తున్నావా? ఎవడు చెప్పాడు నీకు, నీ లాయరేనా?"

జైల్స్ నవ్వు ఇంకాస్త వెడల్పయింది. "చాలా మంచి లాయరండీ. గేట్లు రెండూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంచమన్నాడు. అవతలి గేటు కూడా తాడుతో కట్టి తెరిచిపెట్టా. మీరు రావడమే ఆలస్యం."

"థాంక్…" అంటూ సిరిల్ నోరు తెరిచాడు. హిల్డా సగం శాండ్‌విచ్ ఆ నోట్లో కుక్కేసింది.

ఆమెకు సంగతి అర్థమైంది. వాడు అనుమతిస్తున్నానని అన్నాక ఆ గేటులోంచి ఒక్క అడుగు వేసినా, అది అనుమతితో వేసిన అడుగే. ఇరవై ఏళ్ళ నడక ఆ ఒక్క అడుగుతో గంగలో కలిసినట్టే.

"వాడు లేచి వెళ్ళేదాకా ఇక్కడే నిలబడదాం," అంది.

నిలబడ్డారు. జైల్స్ ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. పేపరు తీసి క్రికెట్ వార్తలు పైకి చదివాడు. రెండున్నరయింది, మూడయింది. హిల్డా పళ్ళు నూరుతున్న చప్పుడు సిరిల్‌కి స్పష్టంగా వినిపిస్తోంది.

"పోనీ, అటు పక్క కంచె తీగ కొంచెం వంచి దూరితే?" అన్నాడు సిరిల్ గుసగుసగా.

"తీగ వంచితే బలవంతం కిందికొస్తుంది."

"అయితే ఆ కాలవ? కంచె కింద నుంచి లోపలికి పోతోందిగా. దాంట్లో నీళ్ళు కూడా తక్కువే."

"కాలవలో పాకిపోతే దొంగచాటు కాదూ?"

"చూస్తూనే ఉంటాడుగా."

"పేపరు అడ్డం పెట్టుకుని నేను చూళ్ళేదంటాడు వెధవ!" హిల్డా చటుక్కున ఆగింది. కళ్ళు మెరిశాయి. "చూడకపోతే పోనీ. వినపడకపోతుందా?"

కవరున్న సంచి మెడకు తగిలించుకుని కాలవలోకి దిగింది. దిగుతూనే, ముప్ఫై ఏళ్ళు బడి భోజనశాలను గడగడలాడించిన ఆ గొంతు ఎత్తింది.

"హిల్డా క్లెగ్ వస్తోందహో! పట్టపగలు, అందరూ వింటుండగా, ఎవరి అనుమతీ లేకుండా వస్తోందహో! ఒక్క తీగ కూడా ముట్టుకోకుండా వస్తోందహో!"

జైల్స్ చేతిలో టీ ఒలికింది. "ఏవండీ మిసెస్ క్లెగ్, గేటు తెరిచే ఉంది కదండీ!" అని అరిచాడు.

"నీ గేటు నువ్వే ఉంచుకోవయ్యా!"

కంచె కింద సగం దూరం పోయాక నడుము దగ్గర ఇరుక్కుంది. సిరిల్ వెనకనుంచి తోశాడు. తోసిన ప్రతిసారీ సారీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా హిల్డా ముందుకంటే గట్టిగా అరిచింది. ఆ అరుపులకు పొలం పైభాగంలో సన్నటి కరెంటు తీగ వెనక మేస్తున్న ఇరవై ఆరు కోడెలు తలలెత్తాయి. కోడెలకు కుతూహలం జాస్తి. ఎక్కడ గోల జరిగితే అక్కడ వాలిపోవాలి వాటికి. మొదటిది తీగను తెంపుకుని వచ్చింది, మిగతా పాతికా దాని వెంట దౌడు తీశాయి.

హిల్డా బురదలోంచి లేచి నిలబడేసరికి చుట్టూ ఇరవై ఆరు తడి ముక్కులు. ఆమె భయపడలేదు, ఒళ్ళు మండిపోయి ఉంది. "పోండవతలికి!" అని ముందుకు నడిచింది. కోడెలు మర్యాదగా దారిచ్చి, వెనకే బయలుదేరాయి. వాటి వెనక సిరిల్. ఆగితే ఆగుతున్నాయి, కదిలితే కదులుతున్నాయి.

"గేటు మూసెయ్యవయ్యా!" అని సిరిల్ ఆ గోలలోంచే జైల్స్‌కి కేకేశాడు. "అవతలి గేటు! పశువులు ఊళ్ళోకి పోతాయి!"

జైల్స్ కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మూస్తే అనుమతి వెనక్కి తీసుకున్నట్టవుతుందేమో. లాయరుకు ఫోన్ చేశాడు. లాయరు ఇంకా భోజనం నుంచి రాలేదన్నారు. జైల్స్ పరుగందుకునేసరికి ఆఖరి కోడె తోక అవతలి గేటు దాటుతోంది.

హాల్‌బరీ మెయిన్ రోడ్డు మీద ఆ ఊరేగింపును జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. ముందు నెత్తి నుంచి పాదాల దాకా బురద పూసుకున్న హిల్డా, వెనక ఇరవై ఆరు కోడెలు, వాటి వెనక ఎదురైన ప్రతి కారుకూ సారీ చెబుతున్న సిరిల్. కౌన్సిల్ ఆఫీసు ముందున్న చౌకులో ఆదివారం జరగబోయే పట్టణాల పూల పోటీ కోసం నాటిన ఎర్ర తులిప్ పూలు నిగనిగలాడుతున్నాయి. కోడెలు అక్కడ ఆగాయి. ఆ ఊరికి వచ్చినందుకు అవి ఎంతో సంతోషించినట్టు కనిపించింది.

"ఆ పూలు!" అంటూ మెట్లు దిగి వచ్చింది మిస్ ఆలంబీ. చిన్న కౌన్సిల్ కాబట్టి బాటలూ ఆవిడే చూస్తుంది, పూలూ ఆవిడే చూస్తుంది. "ఎవరివీ పశువులు?"

హిల్డా ఆమె మాట వినే స్థితిలో లేదు. సంచిలో చెయ్యి పెట్టింది. సంచి అడుగున చిరుగుంది. వెనక్కి తిరిగి చూస్తే, తెల్లమొహం కోడె ఒకటి గోధుమరంగు కవరు ఆఖరి ముక్కను తాపీగా నములుతోంది.

"కక్కరా! కక్కు!" అని హిల్డా దాని దవడ పట్టుకుంది. అది మింగేసింది. పదకొండు మంది ఇరవై ఏళ్ళ నడక దాని గొంతు దిగుతూ కనిపించింది. ఆఫీసు గడియారంలో నాలుగుకు పది నిమిషాలుంది.

అంత కోపిష్టి మనిషీ ఉన్నట్టుండి రాతి మెట్టు మీద చతికిలబడి, "అయిపోయింది సిరిల్," అంది. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం సిరిల్ నలభై ఏళ్ళ కాపురంలో వినలేదు. అతను తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

అప్పుడే రొప్పుకుంటూ జైల్స్ వచ్చాడు. కొత్త బూట్ల మీద పేడ, కాలర్ గుండీ ఊడిపోయింది, నవ్వు ఎక్కడో పొలంలోనే పడిపోయింది.

"ఇవి మీ పశువులేనా?" మిస్ ఆలంబీ నోటు పుస్తకం తెరిచింది. "నాలుగొందల తులిప్‌లు తిన్నాయి. నష్టం మీరే కట్టాల్సి ఉంటుంది."

"నేనా? నేనెందుకు కడతాను? ఈవిడ చేత కట్టించండి! గావుకేకలు పెట్టి నా పశువుల్ని బెదరగొట్టింది ఈవిడే!"

"ఈవిడ మీ పొలంలో ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, నడుస్తోంది! ఈవిడొక్కతేనా? థార్న్‌వెల్ వాళ్ళందరూ నా పొలంలోంచే! నాకు అమ్మిన ముసలాయన ముందే మొత్తుకున్నాడు, ఇరవై ఏళ్ళుగా ఒక్కవారం కూడా మానకుండా ఇదే తంతని. నేనే వినలేదు!"

మిస్ ఆలంబీ రాసుకుంటోంది. "మీ అనుమతితోనా?"

"అనుమతా?" జైల్స్ మొహం కందగడ్డ అయింది. "ఇవి అనుమతి అడిగే మొహాలా? పొద్దుటి నుంచీ గేటు తెరుచుకుని కుర్చీ వేసుకుని, తీసుకోండమ్మా తీసుకోండమ్మా అని బతిమాలితే, నా అనుమతి నా మొహాన కొట్టి కాలవలోంచి పోయింది!"

"గేటుకో కంచెకో ఏమైనా నష్టం చేశారా?"

"చేసుంటే పోలీసుల్ని పిలిచేవాణ్ణిగా! ఒక్క తీగ ముట్టుకోరు, అదే నా ఖర్మ!"

"మీ కంటపడకుండా దూరారా?"

"కంటపడకుండానా? ఆ గొంతు ఇక్కడికి వినపళ్ళేదూ? పట్టపగలు, ఊరంతా వినేట్టు, దండోరా వేసుకుంటూ వచ్చింది!"

"సరే. మీరు చెప్పింది చెప్పినట్టు రాశాను. చదువుకుని ఇక్కడ సంతకం చేయండి."

జైల్స్ చదవలేదు. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేశాడు. మిస్ ఆలంబీ లోపలికి వెళ్ళి ముద్ర వేసి బయటికొచ్చింది. నాలుగుకు రెండు నిమిషాలుంది.

"ఇది బాటల ఫైల్లో చేరింది," అంది. "పూల కాగితం ఇప్పుడు రాద్దాం, దానికి గడువేమీ లేదు. పశువులు మీవే కదా?"

జైల్స్ నోరు తెరిచాడు. ఏ మాట చెబితే ఏ ఫైల్లో చేరుతుందోనని మళ్ళీ మూశాడు.

హిల్డా మెట్టు మీద నుంచి లేచింది. ఇరవై ఏళ్ళుగా వాణ్ణీ, వాడికి ముందున్న వాణ్ణీ తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ పనికిరాకుండా పోయాయి. వాడి నోటితోనే గెలిచినందుకు ఆమెకు ఇంకా ఎక్కువ మండుతోంది.

"పదవోయ్, ఇంటికెళదాం," అంది సిరిల్‌తో. "నడిచే."

ఆ ఏడాది చివర కొత్త పటం అచ్చయింది. పైక్ ఫారం మీదుగా చుక్కల గీత తిన్నగా ఉంది. దాని తాలూకు రికార్డులో సాక్షుల పట్టీకని రెండు పేజీలు కేటాయించారు, అందులో ఒక్క పేరే ఉంది: భూయజమాని.