నూట ఎనిమిది కుంటల జాబితా

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చిందంటే చాలు, చిన్నా పెద్దా అందరిదీ ఒకటే ప్రశ్న: దగ్గర్లో నీళ్లెక్కడున్నాయి?

కిందటేడు నీళ్లు వెతుక్కుంటూ తిరిగి తిరిగి పదకొండు ప్రాణాలు పోయాయి. అందుకని అడవి సభ ఒక తీర్మానం చేసింది. ప్రతి కూడలిలోనూ ఒక గోరింకను కూర్చోబెడతారు. దాహంతో వచ్చినవాళ్లు అడగ్గానే అది దగ్గరి కుంటకు దారి చెబుతుంది. గోరింక నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పే పక్షి. నేర్పేవాడొకడు కావాలి. ఆ పని గిజిగాడు ఓబులేసుకు పడింది. అంత చిక్కు గూడు అల్లేవాడికి ఇదొక లెక్కా అన్నారు.

ఓబులేసు పనిమంతుడు. ఏ కూడలి నుంచి ఏది దగ్గరో తేల్చే పద్ధతంతా పది రోజుల్లో అల్లేశాడు. గోరింకల గొంతులు సవరించాడు. అప్పుడు సభాపతి అడవిదున్న వీరభద్రం గారి దగ్గరకు వెళ్లి చేతులు కట్టుకున్నంత వినయంగా రెక్కలు ముడిచాడు.

"అయ్యా, అంతా సిద్ధం. కుంటలు ఎక్కడెక్కడున్నాయో ఇప్పిస్తే ఎక్కించేస్తాను."

వీరభద్రం గారు నెమరు ఆపారు. "అది నీ దగ్గర లేదా?"

"నా దగ్గరెందుకుంటుందండీ?"

"మరి పది రోజులూ ఏం అల్లావయ్యా?"

వీరభద్రం గారు దయతలచి, "రికార్డుల గదికి వెళ్లు. అన్నీ అక్కడే ఉంటాయి" అన్నారు.

రికార్డుల గదిలో తాబేలు శేషాచలం గారున్నారు. ఓబులేసు అర్జీ పెట్టుకున్న ఆరో రోజుకు ఆయన తల బయట పెట్టారు. ఏడో రోజుకు బెరడు మీద చెక్కిన జాబితా బయట పెట్టారు. నూట ఏడు కుంటలు. ఒక్కొక్కటీ ఏ గుట్టకు ఎటువైపుందో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది.

దారిలోనే ఉంది కదా అని మొదటి కుంట మీదుగా ఎగిరి చూశాడు. అక్కడ నీళ్లు లేవు. ఒక ముళ్లపంది మూడు తరాలుగా కాపురముంటోంది. వెనక్కి వచ్చి అదే మాట చెప్పాడు.

"అది ఆక్రమణ. రికార్డు ప్రకారం ఆ ముళ్లపంది నీళ్లలో ఉంది" అన్నారు శేషాచలం గారు.

"ఈ కొలతలు ఎప్పటివండీ?"

"మా ముత్తాతగారి హయాంలోవి. రెండో విడత సర్వే జరుగుతోంది. మా నాన్నగారు మూడేళ్ల కిందట బయలుదేరారు." ఆయన గుమ్మం వైపు చూపించారు. గుమ్మంలో ఒక పెద్ద తాబేలు ముందుకాలు ఎత్తి ఉంది.

ఓబులేసు జాబితా నకలు తీసుకుని, దాన్ని నమ్మలేక, కోతుల బండ దగ్గరకు వెళ్లాడు. అది అందరి బండ. ఎవరికి తెలిసింది వాళ్లు అక్కడ గీకిపోవచ్చు. తెలిసినవాళ్లకంటే ఖాళీగా ఉన్నవాళ్లు ఎక్కువ గీకారు. ప్రతి కోతీ తన చెట్టు ముందరే ఒక కుంట పెట్టుకుంది. ఒక నెమలి కుంట పేరు వదిలేసి, అందులో తన నీడ ఎలా పడుతుందో రాసింది. అన్నిటికంటే పద్ధతిగా రాసింది ఒక మొసలి: 'నీళ్లు చల్లగా ఉంటాయి. ఒడ్డు లోతు తక్కువ. పిల్లలతో రావచ్చు.'

ఓబులేసు ఆ వాక్యం రెండుసార్లు చదివి, అక్కణ్నుంచి లేచిపోయాడు.

అతను తిరిగొచ్చేసరికి సభలో నక్క జంబులింగం కూర్చుని ఉన్నాడు. పక్కన నున్నటి అరటాకు మీద జాబితా. "నూట ఎనిమిది కుంటలండీ. వారం వారం తాజా చేసే డేటా. మా వాళ్లు అడుగడుగూ నడిచి తెచ్చింది" అంటున్నాడు. వీరభద్రం గారు అప్పటికే గిట్ట ముద్ర వేసేశారు. జాబితాలో అక్షరం మార్చకూడదన్నది కొనుగోలు షరతు.

ఓబులేసు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తాబేలు రికార్డులో అరవై మూడో పేరు పిట్టలగుండం. మొదటి అక్షరాన్ని చెదలు తినేశాయి. నక్క జాబితాలోనూ అరవై మూడోది 'ట్టలగుండం' అనే ఉంది. చివరిది మాత్రం కొత్తది. ఎర్రరాతి గుట్ట కింద నీలవేణి మడుగు.

జంబులింగాన్ని పక్కకు పిలిచి అడిగాడు. "ఈ నీలవేణి మడుగు ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. లేనిదాన్ని ఎవరు చూస్తారు? మా జాబితా ఎవరైనా కాజేస్తే పట్టుకోవడానికి పెట్టిన గుర్తది."

"నువ్వు కాజేసినదాన్ని మళ్లీ ఎవరో కాజేస్తారనా?"

"రోజులు బాగాలేవు ఓబులేసూ" అన్నాడు జంబులింగం నొచ్చుకుంటూ.

ఆ సాయంత్రం ఓబులేసు వాగు ఒడ్డున దిగులుగా కూర్చున్నాడు. దగ్గర్లో ఇసుకలో తీతువు తాయారమ్మ గుడ్ల మీద కూర్చుని ఉంది. తీతువు కూత వినిపిస్తే కీడని అడవిలో ఎవరూ ఆమెతో మాట్లాడరు. ఓబులేసు కూడా అంతవరకూ మాట్లాడలేదు.

"ఏంటి నాయనా, అంత బెంగ?" అని ఆమే అడిగింది.

అతను చెప్పుకున్నాడు. ఆమె విని, "నీళ్లున్నవి ఇవాళ పొద్దున్నకి ముప్పై ఒకటి" అంది. "మా జాతి గుడ్లు పెట్టేది నీటి ఒడ్డునే. అందుకని రోజూ ఒక చుట్టు తిరిగి చూసుకుంటాను. ఉత్తరపు లోయలో ఇంకో నాలుగున్నాయి. అటు వెళ్లి వారమైంది. వాటి సంగతి నాకు తెలీదు."

ఓబులేసు తలెత్తి ఆమె వంక చూశాడు. నెల రోజులుగా ఇంతమందిని అడుగుతున్నాడు. 'నాకు తెలీదు' అన్న మాట అతను వినడం అదే మొదటిసారి. మర్నాడు ఆమెతో కలిసి ఎగిరి చూశాడు. ముప్పై ఒకటీ ఉన్నాయి.

సభలో ఆ మాట చెప్పేసరికి వీరభద్రం గారి ముఖం మారిపోయింది.

"నూట ఎనిమిది నుంచి ముప్పై ఒకటికా? నా హయాంలో డెబ్బై ఏడు కుంటలు మాయమయ్యాయని దండోరా వేయించమంటావా?"

"నా మాట కాదండీ, నీళ్లు లేవు."

"ఎవరు చెప్పారు?"

"తీతువు తాయారమ్మ."

సభంతా ఒక్కసారి ఉలిక్కిపడి, కీడు అంటకుండా కాళ్లు దులుపుకుంది. ఓబులేసు ఒకటికి రెండుసార్లు బతిమాలాడు. పోనీ నీలవేణి మడుగొక్కటి తీసేయనివ్వండన్నాడు. షరతు ఒప్పుకోదన్నారు. అతనికి గూడుంది, గూట్లో పిల్లలున్నారు, సభవారి చెట్టు మీదే ఆ గూడుంది. ఇంటికెళ్లి, తెల్లారి లేచి, గోరింకలకు నూట ఎనిమిదీ నేర్పాడు. నీలవేణి పేరు చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు సరిగ్గా పెగల్లేదు. గోరింకలు అదే పెగలని గొంతుతో నేర్చుకున్నాయి.

వడగాడ్పులు మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. దుప్పి బంగారమ్మ మంద ఎర్రరాతి గుట్ట వైపు వెళ్లిందట. ఓబులేసు తింటున్న గింజ వదిలేసి ఎగిరాడు.

గుట్ట కింద రాళ్లు సెగలు కక్కుతున్నాయి. మంద అంతా చతికిలబడి ఉంది. బంగారమ్మ గుట్ట కింది కూడలిలోని గోరింక ముందు నిలబడి, "నీలవేణి మడుగెక్కడ?" అని ఎండిన గొంతుతో అడుగుతోంది.

"మీరు మడుగులోనే ఉన్నారు" అంటోంది గోరింక. "జాగ్రత్త. లోతు ఎక్కువ."

ఓబులేసు అక్కడ ఆగలేదు. వాగుకు పోయి తాయారమ్మను పిలిచాడు. ఆమె పొదుగుతున్న గుడ్ల మీద ఇసుక కప్పి వెంటనే బయలుదేరింది. గుట్ట మీద ఆమె కూత వినగానే మంద బెదిరి లేచింది.

"తీతువమ్మా! ఎవరో పోతారు!" అంది ఒక ఆడదుప్పి.

"నీళ్లు తాగకపోతే అందరం పోతాం. నడవండి" అంది బంగారమ్మ.

ముందు కూస్తూ తాయారమ్మ, వెనక అదిలిస్తూ ఓబులేసు, ఏటిమలుపు మడుగు దాకా తీసుకెళ్లారు. ఒక ముసలి దుప్పి మాత్రం గుట్ట దగ్గర్నుంచి లేవలేదు. ఓబులేసు దాని కొమ్ము మీద వాలి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నేరుగా సభకు పోయి, నీలవేణి మడుగు లేదని తెలిసీ తానే నేర్పానని అందరిముందూ చెప్పాడు.

సభ విచారణ జరిపింది. "చివరికి మంద ఎక్కడ తాగింది?" అని అడిగారు వీరభద్రం గారు.

"ఏటిమలుపు మడుగులో."

"అది జాబితాలో ఉందా?"

"లేదండీ."

"అంటే మంద జాబితాలో ఉన్న మడుగు వదిలేసి లేని మడుగుకు పోయింది. నీలవేణి మడుగు సంగతి నేనే స్వయంగా చూసొస్తాను. జంబులింగం, దారి చూపించు."

జంబులింగానికి ఆ క్షణంలో ఒళ్లు వెచ్చబడింది, కాలు బెణికింది, బంధువొకరు పోయారు. ఏదీ చెల్లలేదు. ఎర్రరాతి గుట్ట చేరేసరికి వీరభద్రం గారి నోట నురుగు. రాళ్ల మధ్య మూడుసార్లు తిరిగి, మోకాళ్ల మీద కూలబడ్డారు.

"ఏదయ్యా మడుగు?"

"లేదండీ" అన్నాడు జంబులింగం, నాలుక వేలాడేసి. "నేనే పుట్టించానండీ. దయచేసి ఆ తీతువును పిలిపించండి!"

తాయారమ్మ మూడో పిలుపుకు వచ్చింది. ఆమె కూత వెంట వీరభద్రం గారు పడుతూ లేస్తూ నడిచారు. కాళ్లు దులుపుకునే ఓపిక ఆయనకు లేదు. ఏటిమలుపు మడుగులో మెడదాకా దిగి, సాయంత్రం వరకూ పైకి రాలేదు.

మర్నాడు సభ కూర్చుంది. ఓబులేసు ముప్పై ఒకటి పేర్లూ పట్టుకుని ఆశగా నిలబడ్డాడు.

వీరభద్రం గారు గంభీరంగా తీర్పు చదివారు. "జాబితాకూ అడవికీ తేడా ఉన్నట్టు విచారణలో తేలింది. జాబితాకు సభ ముద్ర ఉంది. అడవికి లేదు. కాబట్టి అడవినే సరిచేయాలి. నీలవేణి మడుగుతో మొదలుపెట్టి తక్కువ పడిన కుంటలన్నీ తవ్వించాలి. కుంట లేని చోట్లు కచ్చితంగా తెలిసినవాడు కాబట్టి ఆ పని జంబులింగానికి అప్పగిస్తున్నాం."

చప్పట్లు మోగాయి. ఓబులేసు నేరుగా కూడళ్లకు పోయి, ఒక్కొక్క గోరింకకూ ఇంకొక్క వాక్యం నేర్పాడు. జాబితాలో అక్షరం మార్చలేదు. దారి చెప్పడం పూర్తయ్యాక గోరింకలు గొంతు తగ్గించి, "వెళ్లేముందు తీతువమ్మను ఒక్కమాట అడిగి వెళ్లండి" అనడం మొదలుపెట్టాయి.

ఆ ఏడు దాహంతో ఇంకెవరూ పోలేదు. సభ తన వార్షిక నివేదికలో అందుకు కారణం నూట ఎనిమిది కుంటలని రాసుకుంది.

నీతి: కుంట ఎండినా ఫరవాలేదు, జాబితా మాత్రం నిండుగా ఉండాలి.