ఖాళీ సూర్యుడి కోసం ఘోరసమరం

కల్లాల నిండా పరుచుకున్న ఎండుమిరప ఘాటు గగనమండలాన్ని తాకగా, ఆ ఘాటుకు సూర్యరథాశ్వాలు ఏడూ ఏకకంఠంతో తుమ్మగా, సారథి అనూరుడు పగ్గాలు వదిలి కళ్లు నులుముకోగా, ముందుకు పోలేక వెనక్కి రాలేక మార్తాండుడు గుంటూరు నడినెత్తిన చతికిలబడిన ఒకానొక ఫాల్గుణ మధ్యాహ్నాన, మిర్చి లారీల ధూళితో ధూసరితమై, ఆటోల హారన్లతో ప్రతిధ్వనితమై వెలుగొందే సిరి డిజిటల్స్ అనే ఫ్లెక్సుల దుకాణంలో, చరిత్రకారులెవ్వరూ పట్టించుకోని ఒక మహాసంగ్రామం జరిగింది. రక్తం చిందలేదు. ఇంకు మాత్రం కొంచెం చిందింది.

ఆ సంగ్రామానికి నాయిక జెస్సీ. మిరపకోతలకు పోయి మండే చేతులతో ఇల్లు చేరే వీరమ్మ కడుపున పుట్టిన కన్యామణి. ఆ వంశంలో డిగ్రీ పట్టా అనే దివ్యాస్త్రాన్ని సాధించిన ప్రథమ వీరవనిత. మౌసు అనే ఆయుధంతో పెళ్లికొడుకుల మొటిమలను క్షణంలో సంహరించగల వదనకళంకవినాశిని. ఇంత పరాక్రమం ఉండి కూడా పెద్దల ముందు ‘సార్’ అనో ‘అండీ’ అనో అనకుండా వాక్యం ముగించలేని వినయశీల. ఆమె కాపాడతానని మాట ఇచ్చిన వస్తువు ఒక్కటే: ఒక సూర్యుడు.

ఆ మాట ఇచ్చింది లిగయాకు. ప్రత్తిపాడు అనిల్ కుమార్ కువైట్ ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో మనసుపడి పెళ్లాడి తెచ్చుకున్న ఆ ఫిలిప్పీన్స్ ద్వీపనందిని, అత్తగారి దగ్గర తెలుగూ అత్తగారంత గొంతూ నేర్చుకుని, చర్చి ఆవరణలో ఊరి ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతోంది. ఇంత చేసినా ఊరు ఆమెను ‘అనిల్ గాడి నేపాలీ పెళ్లాం’ అనే పిలిచింది. నేపాల్ కాదని ఆమె చెబితే, ‘అయితే చైనాలే’ అని ఉదారంగా సర్దుకుంది. కనుకనే, ప్రత్తిపాడుకూ దర్శికీ మధ్య బాలికల పోటీలు నిశ్చయమైన నాడు ఆమె జెస్సీ చేతులు పట్టుకుని అంది: “నోటితో చెప్పీ చెప్పీ నా వల్ల కావట్లేదు జెస్సీ. ఈసారి నువ్వు పోటీల ఫ్లెక్సు మీద బొమ్మతో చెప్పు. మా సూర్యుడు కనపడాలి.”

“కనపడతాడు వదినా,” అంది జెస్సీ. భీష్ముడి ప్రతిజ్ఞకు పూలు కురిపించిన దేవతలు ఈ ప్రతిజ్ఞ సమయానికి భోజనాలకు పోయి ఉంటారు.

తరువాత ఆమె నిర్మించిన చిత్రరాజం ఎట్టిదనగా: పైన నీలం, కింద ఎరుపు, అవి బాక్సింగ్ రింగులో ఎదురెదురు మూలల రంగులూ, లిగయా దేశపు జెండా రంగులూ కూడా. ఎడమన తెల్లని త్రికోణం, దాని మూడు మూలల్లో ఆ దీవులకు గుర్తుగా మూడు నక్షత్రాలు. నడుమ, పరాయి పాలన మీద మొదట తిరగబడిన ప్రాంతాలకు గుర్తుగా ఎనిమిది కిరణాల పసుపు సూర్యుడు. త్రికోణపు మొనను చీల్చుకుని కుడివైపుకు దూసుకొచ్చే ఒక పెద్ద తెల్లని గ్లోవు.

ఇంత సౌందర్యంలోనూ ఒక మహాపరాధం దాగి ఉంది. గుంటూరు సీమలో ఫ్లెక్సు అంటే ముఖాల పంట. పుట్టినరోజు కానీ, వర్ధంతి కానీ, ఓణీల ఫంక్షన్ కానీ, పెద్దల ముఖాలు పెద్దగా, చిన్నల ముఖాలు చిన్నగా, అందరూ చేతులు జోడించి నిలవాల్సిందే. గుండ్రటి చక్రమూ చుట్టూ కిరణాలూ కనిపిస్తే అది ఎవరో ఒక మహనీయుడి శిరస్సు కోసం వేసిన పీట. దాన్ని ఖాళీగా వదిలిన వారు భూతభవిష్యద్వర్తమానాల్లో లేరు.

అంతలో మల్లెపువ్వు వంటి తెల్లచొక్కాతో, ముందు అత్తరూ వెనక తానూగా ప్రవేశించాడు కోల్డ్ స్టోరేజీ సార్వభౌముడు, పోటీలకు తన ఆవరణ ఇచ్చిన స్థలదాత, సంజీవరావు. వెనకే, భుజాన గ్లోవులు వేలాడుతుండగా లిగయా వచ్చింది. ఆయన తెర వైపు చూశాడు. ముఖం వికసించింది.

“బాగుందమ్మాయ్. రంగులు అదిరినయ్. ఫోటో పెట్టడం ఒక్కటే మర్చిపోయావు.”

“ఎక్కడ సార్?”

“ఎక్కడేంది? గుండ్రంగా జాగా వదిలావుగా నాకోసం!”

“అది సూర్యుడండీ.”

“అందుకే. పెట్టు.”

అవతల యంత్రం దగ్గర నుంచి దుకాణం యజమాని జాన్ బాషా కేక వేశాడు: “పెట్టెయ్ జెస్సీ, కరెంటు పోయేలోగా ప్రింటు కొడదాం!” స్వపక్ష సేనాపతే శత్రుశిబిరంలో చేరాడు. అయినా జెస్సీ నిలబడింది.

“సార్, ఖాళీ అంటే ఖాళీ కాదండీ. అది ఉంటేనే బొమ్మకి ఊపిరి ఆడుద్దని కాలేజీలో చెప్పారండీ.”

“బొమ్మకి ఊపిరా?” సంజీవరావు నవ్వి, కుర్చీ జరిపి, సముద్రాన్ని మందలించడానికి నిలిచిన వాడిలా చెయ్యెత్తాడు. “అమ్మాయ్, విను. స్థలం ఎవరిది? నాది. నీడ ఎవరిది? నా షెడ్డుది. నీళ్ల ట్యాంకరు ఎవరిది? నాది. ఆఖరికి ఆ పిల్లలు రోజూ గుద్దే ఇసక బస్తాలు కూడా నా మిర్చి గోతాలే! ఇన్ని నావైన చోట సూర్యుడొక్కడూ పరాయివాడా?”

ఆ వాగ్ధాటికి గోడ మీది వధూవరుల ఫ్లెక్సు కూడా చేతులు జోడించినట్టే కనిపించింది. జెస్సీ చివరి అస్త్రం తీసింది. “అది వాళ్ల దేశం జెండాలోదండీ. అందులో ఎప్పుడూ ఎవరి ముఖమూ లేదండీ. కావాలంటే వదినని అడగండి.”

లిగయాకు అబద్ధం చేతకాదు. “లేదు జెస్సీ, ఉండేది. పాతకాలం జెండాల్లో మా సూర్యుడికి కళ్లూ ముక్కూ నోరూ ఉండేవి.”

మిత్రుడి చేతి దెబ్బ కంటే లోతైన దెబ్బ లేదు. జెస్సీ నేలకొరిగింది, అంటే, కుర్చీలో కొంచెం వెనక్కి వాలింది. తెరమీది ఎనిమిది కిరణాలూ రెఫరీ వేళ్లై ఒకటి, రెండు అంటూ లెక్కపెడుతున్నట్టు తోచింది.

“చూశావా!” అన్నాడు సంజీవరావు.

“కానీ బాబాయ్ గారూ, అది సూర్యుడి ముఖం. ఏ మనిషిదీ కాదు,” అంది లిగయా.

“ఎవరిదీ కాకపోతే నాది పెట్టడానికేం?”

లిగయా గ్లోవులు బల్ల మీద పెట్టింది. గొంతు తగ్గింది. “మా నాన్న జనాన్ని ఎక్కించుకునే బండి నడిపేవాడు. దాని ముందు అద్దం మీద ఈ సూర్యుణ్ణే వేయించుకున్నాడు. మా దేశం వాడు రింగులోకి దిగిన రోజున మా వీధిలో బళ్లన్నీ ఆగిపోయేవి. అందరం ఒకే టీవీ ముందు కూచునేవాళ్లం. వాడు గుద్దితే మేమందరం గుద్దినట్టే. ఈ సూర్యుడిలో ఒక్కరుంటే మిగతావాళ్లం యాడికి పోవాలి?”

సంజీవరావు కళ్లు ఒక్క క్షణం చెమర్చాయి. మిరప ఘాటు కావచ్చు. “మీ నాన్నంటే నాకు గౌరవమేనమ్మా. నా ఫోటో కూడా గౌరవంగానే ఉంటది. ఒక్కణ్ణే ఎందుకంటావా? మూడు నక్షత్రాలున్నయ్‌గా. మా భాగస్తులు ముగ్గుర్నీ, బావమరిదినీ వియ్యంకుణ్ణీ తోడల్లుణ్ణీ, వాటిల్లో వేసెయ్యండి.”

ఇక చేసేదేముంది? పని చెప్పినప్పుడు చెయ్యడమే జెస్సీ ఎరిగిన ధర్మం. పాత ఫ్లెక్సుల్లోని వాళ్ల ఫోటోలు తెరిచింది. సంజీవరావు శిరస్సు పసుపు వలయంలో ఉదయించింది. లిగయా కిటికీ వైపు తిరిగింది. అప్పుడు జెస్సీ, మనసులో ఏ కపటమూ లేకుండా, రోజుకు పదిమందిని అడిగే ప్రశ్నే అడిగింది.

“సార్, కింది మూల నక్షత్రంలో ఎవర్ని వెయ్యనండీ?”

“కిందా? మా బావమరిదిని... వద్దొద్దు. వినాయకచవితి ఫ్లెక్సులో కింద పడ్డాడని మా ఆవిడ పుట్టింటోళ్లు ఇప్పటికీ మాట్టాడటంలా.”

“పోనీ మీ వియ్యంకుడు గారిని వెయ్యనాండీ?”

“వియ్యంకుణ్ణి కిందా! పిల్లనిచ్చుకున్నానమ్మాయ్!”

“అయితే మీ తోడల్లుడు గారు?”

“ఆయన నాకంటే పెద్దల్లుడు. చంపేస్తాడు. కుడిపక్కన ఒక నక్షత్రం విడిగా ఉందిగా, ఆయన్ని అక్కడ... ఊహూఁ, విడిగా పెడితే వేరుపెట్టామంటాడు. పోనీ, నక్షత్రాలు పెద్దవీ చిన్నవీ చెయ్యి.”

“కుదరదండీ. జెండా కదండీ, మూడూ సమానంగా ఉండాలండీ.”

సమానం! ఆ పదం ఆయన దవడకు సూటిగా తగిలింది. ముగ్గురు బంధువులు సమానంగా కనిపించే ఫ్లెక్సు ఈ జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. పుడితే మర్నాడు ఆ కుటుంబం మిగలదు.

“వాళ్లని తీసేసి నాదొక్కటే ఉంచితేనో?”

“ఉంచొచ్చండీ. నక్షత్రాలు ఖాళీగా ఎందుకున్నయ్యని వాళ్లు అడిగితే ఏం చెప్పమంటారండీ?”

నిజంగానే జవాబు కోసం అడిగింది. కోల్డ్ స్టోరేజీ సార్వభౌముడు చల్లబడ్డాడు. జేబురుమాలు తీసి, ధ్వజం దించినట్టు మెడ తుడుచుకున్నాడు.

“అన్నీ తీసెయ్యమ్మా. సూర్యుడు సూర్యుడి మాదిరే ఉంటే ఏ గొడవా లేదు. నాది కింద, ఫోన్ నంబరు పక్కన పెట్టు. చిన్నదే. గౌరవంగా.”

మర్నాడు సాయంత్రం కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఆ ధ్వజోపమానమైన ఫ్లెక్సు లేచింది. దర్శి పిల్లలు ప్రత్తిపాడు పిల్లలను చితక్కొట్టి పోయారు. అది ఈ గాథకు సంబంధం లేని విషయం. సంబంధమున్నది ఇది: ఖాళీ సూర్యుణ్ణి చూసిన జనం ఊరుకుంటారా? దాని ముందు వరస కట్టారు. తలకాయ సరిగ్గా పసుపు వలయంలో పడేలా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు సెల్ఫీలు దిగారు. మొదట దిగింది సంజీవరావు. తరువాత ఓడిన పిల్లలు, గెలిచిన పిల్లలు, కోతల నుంచి నేరుగా వచ్చిన వీరమ్మ. నక్షత్రాల జోలికి మాత్రం బంధువులెవ్వరూ పోలేదు.

సంజీవరావు మైకు అందుకుని, “మన ఊరి ఫిలిప్పీన్స్ కోడలు లిగయా గారు వేదిక మీదికి రావాలి!” అన్నాడు. దేశం పేరు తడబడకుండా పలికాడు. లిగయా లేవలేదు.

“జెస్సీ, విన్నావా? మళ్లీ అనమను.”

“మళ్లీ అనండి సార్!” అని అరిచింది జెస్సీ. ఆయన మళ్లీ అన్నాడు. అప్పుడు లేచింది.

ఇట్లు, రథగజతురగపదాతుల సాయం లేక, ఒక్క వినయపూర్వక ప్రశ్నతో, ఇద్దరు మగువలు ప్రతిపక్షాన్ని పడగొట్టి, మినపట్టు పెనమంత ఖాళీ జాగాను జయించి, ఒక సెల్ఫీకీ మరో సెల్ఫీకీ నడుమ దొరికే రెప్పపాటు వ్యవధిలో, ఎవరి తలా అడ్డులేని సూర్యుణ్ణి కళ్లారా చూశారు. దిక్కులు దద్దరిల్లుగాక! ఈ గాథ విన్నవారి ముఖాలు వారి వారి ఫ్లెక్సుల్లో తగిన మూల చేరుగాక; మూలలు చాలని చోట, మధ్యలో ఖాళీ మిగులుగాక!