రంగు మారని పట్టీ

లోకంలో అన్నిటికన్నా సమర్థంగా నడిచే కార్యాలయం బ్యాక్టీరియా. ఈ సత్యాన్ని ధ్రువపత్రాల శాఖ డైరెక్టరుగారు ఒక సదస్సులో, భోజన విరామానికి కాస్త ముందు గ్రహించారు. చుట్టూ ఆమ్లం పెరిగితే బ్యాక్టీరియా దాన్ని తగ్గించే జన్యువులను మేల్కొలుపుతుంది. క్షారం పెరిగితే ఆమ్లం తయారుచేసే జన్యువులను లేపుతుంది. రెండూ లేనప్పుడు అందరినీ పడుకోబెడుతుంది. ఊరికే కూర్చుని జీతం తీసుకునే జన్యువు అందులో ఒక్కటీ లేదు. (కొన్ని జన్యువులు ఎప్పుడూ మెలకువగానే ఉండాలని ఉపన్యాసకుడు భోజనం తర్వాత చెప్పాడు. భోజనం తర్వాత డైరెక్టరుగారు లేరు.)

వెంటనే శాఖలో కొత్త విధానం వచ్చింది. దరఖాస్తుదారు గుమ్మం దగ్గర ఒక కాగితపు పట్టీని నాలుకమీద పెట్టుకోవాలి. అది ఎర్రబడితే మనిషి లోపల పులిసిపోయి ఉన్నాడని ఓదార్పు కౌంటరు తెరుస్తారు. నీలంగా మారితే సబ్బుగుణం ఎక్కువైందని మందలింపు కౌంటరు తెరుస్తారు. రంగు మారకపోతే ఆ మనిషికి ఏ ఇబ్బందీ లేదు కనుక ఏదీ తెరవరు.

కళ్ళద్దాల దుకాణం నడిపే ఒకాయన పట్టీ రంగు మారలేదు.

ఆయన భార్య ఈమధ్యే పోయింది. ఆసుపత్రి యాప్ మాత్రం రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, ఆమె మాత్ర వేసుకుందా అని పేరు పెట్టి అడుగుతోంది. మరణ ధ్రువపత్రం చూపిస్తే మానేస్తుందట. అంతవరకూ ఆయన "లేదండీ" అని యంత్రానికి జవాబు చెబుతున్నారు. (యాప్ అందుకు ఆమెను మందలిస్తోంది.)

"ఇంకోటి పెట్టుకోండి బావా," అంది వెంట వచ్చిన మరదలు. "ఈసారి కోపంగా పెట్టుకోండి."

"నాలుకమీద కోపం ఎలా పెట్టుకుంటారమ్మా?"

"మా అక్క ఉంటే చూపించేది."

ఆయన నవ్వబోయి, ఇంకో పట్టీ పెట్టుకున్నారు. అదీ మారలేదు.

గుమ్మం దగ్గరి ఉద్యోగి (హోదా: పరిసర గ్రాహకుడు) అసూయగా చూశాడు. "మీకేం సార్, హాయిగా ఉన్నారు. ఇంటికెళ్ళండి."

"హాయిగా ఉన్నవాళ్ళు మరణ పత్రం కోసం ఎందుకొస్తారయ్యా?" అంటూ మరదలు ఒక పట్టీ లాక్కుని నాలుకమీద పెట్టుకుంది. భగ్గున ఎర్రబడింది.

"మీది అత్యవసర స్థాయి మేడమ్. కానీ దరఖాస్తు మీది కాదు."

"పోయింది మా అక్కేనయ్యా!"

"దానికి వేరే పట్టీ లేదు మేడమ్."

గేటు బయట నిమ్మచెక్కలు అమ్ముతున్నారు, పక్కనే వంటసోడా పొట్లాలు. (మందలింపు వరుస చిన్నదని తెలిసినవాళ్ళు సోడా కొంటారు.) ఆయన తటపటాయించారు. కంటి పరీక్షలో కనబడని అక్షరాన్ని ఊహించి చెప్పేవాళ్ళనే మెల్లగా ఆపే మనిషి ఆయన.

"నమలండి బావా. అబద్ధమేం కాదు, పులుపే."

నమిలారు. పట్టీ ఎర్రబడింది, తలుపు తెరుచుకుంది.

లోపల ఓదార్పు అధికారిణి కార్డు చూసి చదివింది. "మీ బాధ మాకు తెలుసు. ఆవిడ ఎలాంటి మనిషి?"

ఆ తర్వాత కార్డులో కొంత ఖాళీ ఉంది. ఆయన్ని ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు.

"కోపిష్టి," అన్నారాయన. "నేను కోప్పడాల్సిన చోట నా వంతు కూడా తనే కోప్పడేది. షాపులో ఎవరైనా నా మీద గొంతు పెంచితే, వెనక గదిలోంచి..." చెప్పుకుంటూ పోయారు. అధికారిణి మంచినీళ్ళ గ్లాసు జరిపింది. ఆయన పూర్తిగా తాగారు.

"ఇప్పుడు మరొక్కసారి పట్టీ పెట్టుకోండి."

రంగు మారలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. "అభినందనలు సార్! మీ సమస్య తీరిపోయింది."

"మరి పత్రం, తల్లీ?"

"పత్రాలిచ్చే విభాగానికి ఇంకా రంగు కేటాయించలేదండీ, పడుకునే ఉంది," అని చెప్పి, కార్డులో మిగిలిన చివరి వాక్యాన్ని చిరునవ్వుతో చదివింది. "మా సేవ నచ్చితే, మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి."