పక్షం తేలని బియ్యం

కొనే ప్రతి వస్తువూ ఒక ఓటేనని నగరి మగ్గాల వీధి పక్షనిర్ధారణ సంఘం తీర్మానించిన నాటి నుంచి ఆ వీధిలో ఉప్పు కూడా తటస్థంగా లేదు. ఏ కంపెనీ ఏ పార్టీకి చందా ఇచ్చిందో విచారించి, సంఘం కార్యదర్శి పరంధామయ్య సబ్బు మార్చాడు, నూనె మార్చాడు, కాఫీ పూర్తిగా మానేశాడు. (పళ్లపొడి మీద విచారణ సాగుతున్నందున ప్రస్తుతానికి వేపపుల్ల.)

ఇంతలో వెంకన్నకు మొక్కే పెరటాసి నెల శనివారం వచ్చింది. గోవింద నామంతో ఇల్లిల్లూ తిరిగి బియ్యం ఎత్తి, అవి వండి, మధ్యాహ్నం లోపు ఆకులో స్వామికి తళిగ, అంటే నైవేద్యం, వెయ్యాలి. అందాకా ఇంట్లో ఎవరికీ మెతుకు లేదు. భార్య సుబ్బులమ్మ, కూతురు భవిత ఆకలితో గుమ్మంలో నిలబడగా, పరంధామయ్య నామం పెట్టిన చెంబుతో బయల్దేరాడు.

మొదటి గడపలో చంద్రకాంతమ్మ చేటతో వచ్చింది.

"గోవిందా! అవ్వా, ఈ బియ్యం ఏ మిల్లువి?"

"నాకేం తెలుసప్పా? మూట ఆడుండాది, సూసుకో."

చూసుకున్నాడు. చెంబు వెనక్కి లాక్కున్నాడు. ఆ మిల్లు యజమాని బావమరిది అవతలి పార్టీ వేదిక మీద కూర్చున్నాడు (వెనక వరుసలోనే; అయినా నిబంధనల్లో వరుసలకు మినహాయింపు లేదు).

"బియ్యానికి గోత్రమడిగేవాణ్ణి ఇప్పుడే సూస్తా ఉండా!" అంది అవ్వ.

ఇట్లా వీధంతా అనర్హమైంది. మిగిలింది సంఘం అధ్యక్షుడు దేవేంద్ర ఇల్లు. సొంత మడిలో పండిన బియ్యం, మచ్చలేని పక్షం. పరంధామయ్య సంబరంగా చెంబు చాచాడు. బియ్యం పట్టిన దేవేంద్ర పిడికిలి గాలిలో ఆగింది.

"మన పార్టీనే, కాదనను. అయితే నువ్వు పాత ఇన్‌చార్జి మనిషివా, కొత్త ఇన్‌చార్జి మనిషివా?"

"ఇంకా అనుకోలేదబ్బా."

"అనుకొని రాప్పా."

ఎండ నెత్తికెక్కింది. ఖాళీ చెంబు చూసి సుబ్బులమ్మ దాన్ని లాక్కుని, కొంగు బిగించి, "గోవిందా!" అంటూ వీధిలో పడింది. చెంబు నిండి, బియ్యం కొంగులోకి కూడా వచ్చాయి.

"ఎవరివే ఇవి?"

"అందరివీ."

"కలిపేసినావా!"

"అంత పట్టింపైతే ఏరుకోవయ్యా. ఎసురు కాగేదాకా టైముండాది."

పరంధామయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఏరాడు. సన్నమేదో, దొడ్డేదో తేలింది గాని పక్షం తేలలేదు. ఈలోగా ఎసురు కాగింది. తళిగ పడింది, కర్పూరం వెలిగింది. పరంధామయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సాయంత్రం సంఘం వాట్సాప్ గ్రూపులో కార్యదర్శి నివేదిక పెట్టాడు: "అన్ని పార్టీల బియ్యమూ ఆరగించినందున స్వామివారిని అనుమానితుల్లో చేర్చడమైనది. నేను తిన్నది ప్రసాదం గనుక నాకు మినహాయింపు."