కంపెనీ బాధ్యత వహించదు

శనివారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త ఒంటిపూట పని చేసి ఆఫీసు నుంచి బయటపడాలి. భార్య స్కూటరుతో ఆఫీసు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండాలి. సాయంత్రం మైదానంలో ఇద్దరూ భుజం భుజం ఆనించి నిలబడి పిడుగు అనే గాయకుడి ర్యాప్ వినాలి. అంతే. మేకు కొట్టిన ప్రతిచోటా గోడ ఇంకా సున్నం రాలుస్తున్న కొత్త కాపురం అది. అందులో ఏ పథకం వేసుకున్నా పండగలాగే ఉండేది. పాల ప్యాకెట్టు తేవడానికి కూడా ఇద్దరూ కలిసే వెళ్ళేవారు.

ఆమెను పుట్టింట్లో పిచ్చుక అనేవారు, నోరు మూతపడదని. అత్తింట్లోనూ అదే పేరు స్థిరపడింది. కారణం కూడా అదే.

పిడుగు అంటే పిచ్చుకకు కాలేజీ రోజుల నుంచి ప్రాణం. అతని ముఖం ఎవరూ చూడలేదు. స్టేజీ మీద ఎప్పుడూ వెల్డింగ్ మాస్కు పెట్టుకునే పాడతాడు. ఆమె తండ్రి ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షాపు యజమాని కాబట్టి, మొదటిసారి ఆ వీడియో చూడగానే "అరె, మా నాన్నలాగే ఉన్నాడే!" అనుకుంది. ఆ తర్వాత పాట విన్నది, ఇక వదల్లేదు. కానీ కళ్ళారా చూసే యోగం మాత్రం పట్టలేదు. ఒకసారి పరీక్షలు అడ్డొచ్చాయి. ఒకసారి వాన వచ్చి స్టేజీయే కొట్టుకుపోయింది. ఇంకోసారి సరిగ్గా అదే రోజున ఆమె పెళ్ళి జరిగింది. ఇప్పుడేమో పిడుగు ఇదే తన ఆఖరి ప్రదర్శన అనీ, ఇక స్టేజీ ఎక్కననీ ప్రకటించాడు. ఇది తప్పితే ఇక లేనట్టే.

మగ అభిమానులందరూ అట్టతో చేసిన మాస్కులు పెట్టుకుని వెళ్ళడం ఆనవాయితీ. పిచ్చుకకు అట్ట నచ్చలేదు.

"ఇనుప షాపు ఆయన అల్లుడు అట్ట కట్టుకుని వెళ్తే మా నాన్న పరువేం కావాలి? ఇదిగో, షాపులో పాతది పడుంటే అడిగి తెచ్చాను. నల్ల అద్దం తీయించి మామూలు అద్దం వేయించాను. పెట్టుకోండి."

"బరువుగా ఉంది పిచ్చుకా."

"బిగిస్తే బరువు తెలీదు. తల నిటారుగా పెట్టండి." ఆమె వెనకనున్న మరను ఉత్సాహంగా తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. లోపల ఏదో 'టక్' మంది.

"ఎంత బాగున్నారో! ఇక తీసేయండి, టిఫిన్ చల్లారిపోతోంది."

అతను తీయబోయాడు, రాలేదు. ఆమె లాగింది, మాస్కుతో పాటు భర్త కూడా వచ్చాడు. ముఖం మీదున్న రేకును పైకెత్తే కీలు ఎన్నేళ్ళ క్రితమో బిగుసుకుపోయింది. మర ఎటు తిప్పినా తిరుగుతోంది తప్ప వదలడం లేదు. తండ్రికి ఫోను చేసింది.

"లాగకమ్మా! అల్లుడుగారి చెవులు జాగ్రత్త. షాపుకి పట్టుకొచ్చేయ్, చిటికెలో తీసేస్తా."

"నీ షాపు ఊరికి ఆ చివర నాన్నా. ఈయనకి ఆఫీసు టైమైపోతోంది!"

"అయితే సాయంత్రం దాకా ఉంచుకోమను. మంచి సరుకే, అల్లుడుగారికి ఏం కాదు." మాట పూర్తయ్యేలోపే గ్రైండరు చప్పుడు మొదలైంది.

అతను టీ స్ట్రాతో తాగి, మాస్కుతోనే పిచ్చుక వెనక స్కూటరెక్కాడు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు అతన్ని చూసి, హెల్మెట్ విషయంలో ఇంత శ్రద్ధగల పౌరుడిని ఇంతవరకు ఎరగనట్టు మెచ్చుకోలుగా తల ఊపాడు.

అతను పనిచేసేది వాషింగ్ మెషీన్ల కంపెనీ కస్టమర్ కేర్‌లో. అక్కడ ఒక నియమం ఉంది. ఫోను పెట్టేసే ముందు ప్రతి కస్టమరుకూ వారంటీ షరతులన్నీ చదివి వినిపించాలి. మధ్యలో కస్టమరు ఫోను పెట్టేస్తే ఆ ఫోను లెక్కలోకి రాదు. అందుకని అతను ఆ షరతులన్నిటినీ ఒక్క ఊపిరిలో, కామా కూడా పెట్టకుండా ముగించే విద్య సాధించాడు. నిద్రలో కూడా చెప్పేవాడు. పిచ్చుకకు అది జోలపాటలా అలవాటైపోయింది.

ఆరోజు మేనేజరు అతని బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "ఏంటయ్యా ఇది?"

"ఇరుక్కుపోయింది సార్."

"కస్టమర్లకి కనపడదులే, కానివ్వు." కాసేపయ్యాక మేనేజరే మళ్ళీ వచ్చాడు. మాస్కు లోపలి నుంచి గుహలోంచి వచ్చినట్టు వస్తున్న ఆ గొంతు విని, ఆ పూట ఒక్క కస్టమరు కూడా ఫోను పెట్టేయలేదు. "సోమవారం కూడా పెట్టుకురా," అన్నాడు మేనేజరు.

ఎవరూ ఫోను పెట్టేయక ఒంటిపూట పని సాయంత్రం దాకా సాగింది. ఇక షాపుకు వెళ్ళి మాస్కు తీయించుకుని మైదానానికి వచ్చే వ్యవధి లేదు. "ఎలాగూ అక్కడ పెట్టుకోవాల్సిందేగా! ముందే పెట్టుకున్నామనుకోండి," అని పిచ్చుక సర్దిచెప్పింది. మైదానం దగ్గర ఆడవాళ్ళకు ఒక వరస, మగవాళ్ళకు ఒక వరస. "లోపల కలుద్దాం," అనుకుని విడిపోయారు. గేటు దగ్గరికి చేరాక గాని ఆమెకు గుర్తు రాలేదు, టికెట్లు రెండూ భర్త ఫోనులో ఉన్నాయని.

ఆ భర్త అప్పటికే ఫోను తీసే స్థితిలో లేడు. మగవాళ్ళ వరసలో తలలన్నీ అట్టవి, ఒక్కటే ఇనుముది, దాని మీద నిజమైన మసి కూడా ఉంది. చెవిలో వైరు పెట్టుకున్న నిర్వాహకుడు పరుగున వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్! మీరిక్కడున్నారా? మీకోసం ఎక్కడెక్కడ వెతుకుతున్నామో తెలుసా? రండి, రండి, టైమైపోయింది!"

"నేను పిడుగును కాదండీ, మామూలు మనిషిని!"

చుట్టుపక్కల వాళ్ళంతా కేరింతలు కొట్టారు. ఎందుకంటే పిడుగు పాటల్లోకెల్లా పేరుమోసిన పాట సరిగ్గా ఆ మాటలతోనే మొదలవుతుంది. పాపం, ఆ సంగతి అతనికి తెలియదు. పెళ్ళానికి ఇష్టమని వచ్చాడు గాని, ఒక్క పాట కూడా పూర్తిగా విన్న పాపాన పోలేదు.

"అదే సార్, ఆ ఊపే కావాలి!" అంటూ నిర్వాహకుడు అతన్ని ఇంకో గేటులోంచి లోపలికి తోసేశాడు.

బయట పిచ్చుక ఫోను మీద ఫోను చేస్తోంది. మోగుతోంది గాని ఎత్తడం లేదు. గేటు దగ్గర ఆమెతో పాటు ఇంకొకాయన కూడా ఆగిపోయి ఉన్నాడు. సన్నగా, అరిగిన చెప్పులతో, చేతిలో పల్లీల పొట్లంతో ఉన్నాడు.

"నేను లోపలికెళ్ళాలి బాబూ. నేనే పిడుగుని," అంటున్నాడు కాపలా అతనితో.

"పిడుగుగారు లోపలికెళ్ళిపోయారు సార్. మావాళ్ళే దగ్గరుండి తీసుకెళ్ళారు. మీరు తప్పుకోండి."

"షో ముందు జనంలో తిరిగి వాళ్ళేమంటున్నారో వినడం నాకు అలవాటు. మాస్కు, పాసు, ఫోను అన్నీ లోపల గదిలో ఉన్నాయి."

పిచ్చుకకు ఒళ్ళు మండింది. "చూడండీ, టికెట్ దొరక్కపోతే దొరకలేదని చెప్పండి. ఆయన పేరు వాడుకోవడం ఏం బాగుంది? అసలు పిడుగు అయితే ఇలా చెప్పులీడ్చుకుంటూ పల్లీలు తింటాడా?"

"తినకూడదామ్మా?" అన్నాడు ఆయన, పొట్లం ఆమె ముందుకు చాపుతూ. కోపంలో ఉన్నా ఆమె నాలుగు తీసుకుంది.

లోపల డ్రమ్ములు మోగాయి. జనం అరుపులతో గేటు రేకులు అదిరాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఎదురుచూసి, చివరకు గేటు బయట నిలబడి వినడమేనా? అంతలో స్పీకర్లలో గొంతు మోగింది.

"నేను పిడుగును కాదు!"

"మామూలు మనిషిని!" అని మైదానమంతా బదులిచ్చింది.

"అయ్యో, నిజంగానే కాదండీ!" జనం ఈలలు వేశారు. ఇక వెనక్కి వెళ్ళే దారి లేక, ముందుకు వెళ్ళే పాట రాక, డ్రమ్ముల దెబ్బకు గుండె ఎగిరి పడుతుండగా అతను తనకు బాగా వచ్చిన ఒకే ఒక్క దాన్ని మొదలుపెట్టాడు.

"తేమ తగిలినా తుప్పు పట్టినా ఎలుక కొరికినా వైరు తెగినా, పిల్లలు ఎక్కినా పెద్దలు తన్నినా పక్కింటివాళ్ళు వాడుకున్నా, రసీదు పోయినా రంగు వెలిసినా రబ్బరు సాగినా బట్ట చిరిగినా, కంపెనీ బాధ్యత వహించదు!"

మైదానం పేలిపోయింది. "వహించదు! వహించదు!"

గేటు బయట ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవడు వాడు?" అన్నాడు పల్లీలాయన.

"మా ఆయన," అంది పిచ్చుక. అన్న తర్వాత ఆలోచన మొదలైంది. లోపలున్నది తన మొగుడైతే పిడుగు లోపల లేడు. పిడుగు లోపల లేకపోతే... ఆమె చేతిలో మిగిలిన పల్లీలను చూసుకుంది.

"ఏదీ, నాలుగు ముక్కలు పాడండి."

ఆయన నవ్వలేదు. గేటుకు ఆనుకుని, గొంతు పెంచకుండా అన్నాడు: "అతుకు పెట్టిన చోటే గట్టి, విరుగుతుందేమో కొట్టి చూడు. మసి పట్టిన ముఖమే నాది, కడిగి చూడకు, కలిసి..." అక్కడ చిన్నగా ఊపిరి తీసుకుని, "పాడు," అన్నాడు.

ఆ ఊపిరి! చరణం చివరి మాటకు ముందు, బరువు ఎత్తబోయే మనిషి తీసుకునే ఊపిరి. ఆయన్ని అనుకరించేవాళ్ళంతా అది రికార్డింగులో లోపమని వదిలేస్తారు. హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని, ఇయర్‌ఫోన్లలో ఆ ఊపిరి కోసమే పాటను వెనక్కి జరిపి విన్న మనిషి పిచ్చుక. ముందు ఆమె నాలుక కరుచుకుంది. తరవాత కాపలా అతని మీదికి వెళ్ళింది.

"అన్నా! లోపల పిడుగుగారి మాస్కు ఇరుక్కుపోయింది. ఊపిరాడ్డం లేదంట. ఈయన మెకానిక్, మాస్కు తీయడానికొచ్చాడు."

"ఆ సంగతి ముందే చెప్పొద్దా?" అంటూ కాపలా అతను గేటు తెరిచేశాడు. "మరి మీరు?"

"పట్టకారు పట్టుకునేదాన్ని."

ఇద్దరూ స్టేజీ పక్కనున్న చీకటి సందులోకి వచ్చేసరికి భర్త సర్వీసింగ్ ఛార్జీల భాగంలో ఉన్నాడు. జనం చేతులెత్తి ఊగిపోతున్నారు. పిడుగు గోడకు చేరగిలబడి కాసేపు చూశాడు.

"నా మాటలు ఎవరూ వినట్లేదని నాకు చాలా కాలంగా అనుమానం. అందుకే మానేద్దామనుకున్నా. ఇవాళ అనుమానం తీరిపోయింది. ఆ అబ్బాయినే కానివ్వమనండి. నేను ఇంటికెళ్తా."

"అదేం కుదరదు!" అంది పిచ్చుక. గొంతులో ఏడుపు, కోపం కలిసిపోయాయి. "నేను ఇన్నేళ్ళు ఆగింది వాషింగ్ మెషీన్ షరతులు వినడానికా? అవి ఇంట్లో రోజూ వింటూనే ఉన్నా, అదీ నిద్రలో! వీళ్ళు వినకపోతే పోనీండి. నేనొక్కదాన్ని వింటా. నాకోసం పాడండి."

పిడుగు గదిలోకి వెళ్ళి మాస్కు పెట్టుకుని వచ్చాడు.

మొదటి భాగం అయి దీపాలు ఆరగానే పిచ్చుక భర్త చొక్కా పట్టుకుని పక్కకు లాగేసింది. "పిచ్చుకా, నన్ను కొడతారేమో అనుకున్నా," అన్నాడతను రొప్పుతూ. "కొట్టాల్సింది నన్నండీ," అని అతని ఇనుప చెంప నిమిరి, మరుక్షణమే స్టేజీ వైపు తిరిగిపోయింది.

దీపాలు వెలిగాయి. చేయి చాస్తే తగిలేంత దూరంలో పిడుగు. అతను జనం వైపు కాక సందు వైపు తిరిగి పాడాడు. జనం మొదట "వహించదు" కావాలన్నారు. తర్వాత "డూప్లికేట్!" అని అరిచారు. ఆమెకు అదేమీ వినపడలేదు. ప్రతి చరణం చివర అతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆమె కూడా తీసుకుంది. పక్కనున్న భర్త పాటను కాక ఆమెను చూస్తూ నిలబడ్డాడు. చిన్న అద్దంలోంచి కనిపించింది కొంచెమే అయినా, అది అతనికి సరిపోయింది.

షో అయ్యాక మామగారి షాపుకు వెళ్తే, ఆయన అన్నమాట ప్రకారం చిటికెలోనే మాస్కు తీసేశాడు. అల్లుడుగారి చెవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

మర్నాడు పొద్దున పిచ్చుక పేపరు విప్పి, పైకి చదవడం మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ ఎర్రబడింది. "'మొదటి భాగంలో పిడుగు తన జీవితంలోకెల్లా గొప్ప ప్రదర్శన ఇచ్చాడు. సామాన్యుడి నిస్సహాయతను ఇంత పదునుగా చెప్పిన పాట ఈమధ్య రాలేదు. రెండో భాగంలో మాత్రం మాస్కు వెనక పాడటం రానివాడెవరో దూరినట్టు తేలిపోయింది.' ఏమండీ, విన్నారా? ఎంత అన్యాయం! వీడికి చెవులున్నాయా అసలు?"

భర్త పేపరు అందుకుని, మొదటి భాగం గురించిన వాక్యాలను రెండుసార్లు చదువుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అంత పెద్ద విమర్శకుడు, తెలీకుండా రాస్తాడా పిచ్చుకా?"

ఆ పూట కాఫీ అతనే కలుపుకున్నాడు.