తెల్ల తెర వెనక నల్ల సూటు

"నా చేతికి చిక్కకూడదనుకునే నేరస్థుడికి ఒకటే దారి. ఆ నేరం నేను పుట్టకముందే చేసి ఉండాలి," అన్నాడు డేగకన్ను.

డేగకన్ను నా భార్యకు అన్న. ఫోటో స్టూడియో నడుపుతాడు. ఆ బిరుదు ఎవరూ ఇచ్చింది కాదు, తనే బోర్డు మీద రాయించుకున్నాడు. పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ, నవ్వని ముఖంలో నిజం కనిపిస్తుందని కనిపెట్టాడు. ఆ లెక్కన నన్ను ఎప్పుడో పట్టుకోవాలి. నేను నవ్వి చాలా ఏళ్లయింది.

పోయింది ఒక రబ్బరు సూటు. సముద్రం అడుక్కి దిగేవాళ్లు వేసుకునేది. నా భార్య పనిచేసే యూనిట్‌లో అవే కుడతారు. పంతొమ్మిదేళ్లలో వేలకొద్దీ కుట్టింది గాని, తన కుట్టు నీళ్లలో ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. ఈమధ్య యజమానికి దయ పుట్టి, కరీబియన్ దీవిలో స్కూబా డైవింగ్‌కి ఆమెనీ, తోడుగా ఇంకొకరినీ పంపుతానన్నాడు. ఆమె గోడకి దీవి మ్యాపు అంటించి, మాకు చెరో సూటు కుట్టింది. అందులో నాది పోయింది.

పోలేదు, నేనే దాచాను. పెళ్లికి ముందు గజ ఈతగాణ్ణని చెప్పుకున్నాను. పంపులు బాగుచేసే నాకు నీళ్లతో పరిచయం మోకాళ్ల దాకానే. నా సూటు లేకపోతే తన చెల్లెలితో వెళ్తుందిలే అనుకున్నాను. ఆమె ప్రయాణమే మానుకుంటానంది. ఐదో తరగతితో బడి మానేసిన నాకు అబద్ధం మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు.

డేగకన్ను వెతకని చోటు లోకంలో ఒక్కటే. అతని స్టూడియో. అక్కడే తెల్ల తెర వెనక మేకుకి తగిలించి వచ్చాను.

"రాసుకో బావా. మీ ఇంటి తాళం పగల్లేదు. అంటే దొంగకి తాళాలంటే గౌరవం."

"లేదా ఇంట్లో మనిషి," అన్నాను విసుగొచ్చి.

"అందుకే నువ్వు ఎప్పటికీ అసిస్టెంటువే."

ఆదివారం అందర్నీ స్టూడియోకి పిలిచాడు. నా భార్యకి వీసా ఫోటోలని చెప్పాడు. ఆమె యూనిట్‌లోని కటింగ్ మాస్టర్‌కి టీ అని చెప్పాడు.

"దొంగ ఈ గదిలోనే ఉన్నాడు," అన్నాడు. "మాస్టారూ, చేతులు చాపండి. చూశారా, పొడిగా ఉన్నాయి. నీళ్ల సూటు దొంగిలించినవాడు ముందుగా చేసే పని చేతులు తుడుచుకోవడం."

"టీ అన్నారు," అన్నాడు కటింగ్ మాస్టర్.

డేగకన్ను గంభీరంగా రెండడుగులు వెనక్కి వేశాడు. లైటు వైరు కాలికి చుట్టుకుంది. తెర పట్టుకున్నాడు. తెర, కడ్డీ, సూటు మూడూ మీద పడ్డాయి. కాసేపు కింద కుస్తీ నడిచింది.

"దొరికాడు బావా, కాళ్లు పట్టుకో. మనిషి మరీ మెత్తగా ఉన్నాడు."

తర్వాత లేచి, సూటుని చూసి, కుర్చీలో కూలబడ్డాడు. "స్టూడియో నాది. తాళంచెవి నాది. సాక్ష్యాలన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి. నేనే చేశాను. ఎందుకు చేశానో ఇంకా తెలీదు, రాబట్టుకుంటాను."

నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది. సముద్రంలో ప్రాణం దక్కదు.

నా భార్య సూటు కాలరు వాసన చూసింది. "గ్రీజు," అంది నావైపు తిరిగి.

"నాకు ఈత రాదు," అన్నాను.

"తెలుసు. చెంబుతో నీళ్లు పోసుకోవడానికే ఊపిరి బిగబట్టే మనిషికి ఈత ఏం వస్తుంది? ఇది పట్టుకు చూడండి."

బరువుగా ఉంది.

"గాలి నిండిన నురగ రబ్బరు రెండు పొరలేశాను. మీరు మునుగుతానన్నా అది మునగనివ్వదు. పైన తేలుతూ నన్ను చూడండి చాలు. నా వీపు మీది కుట్టు నేను చూసుకోలేను కదా."

డేగకన్ను నా భుజం మీద చెయ్యి వేశాడు. "బావా, నన్ను కాపాడ్డానికి నేరం నీ మీద వేసుకోకు."

తెర మళ్లీ కట్టి నన్ను కూర్చోబెట్టాడు. వీసా ఫోటోలో నవ్వకూడదట. మూడుసార్లు తీయాల్సి వచ్చింది.